సీ డ్రైవ్ మాస్టారు

మా కొట్టు కంప్యూటర్‌లో సీ డ్రైవ్ చోటు నిండి గీత ఎర్రబడిందంటే ఇప్పటికీ నా చెయ్యి ముందు ఫోన్ మీదకే పోతుంది. ఆయన పేరు దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఆయన పోయి వేసవి దాటింది, వానలు దాటాయి, రాయగడలో చలి కూడా ముదిరింది. నంబరు మాత్రం తీసేయలేదు. బతికుంటే ఈ మాట విని ఊరుకునే మనిషి కాదు. పలకని నంబరు ఫోన్‌లో ఎందుకమ్మి అని నా చేతిలోంచి లాక్కుని, తన పేరు తానే చెరిపేసి మరీ తిరిగిచ్చేవారు.

మాస్టారు అని పిలిచేవాళ్ళమే గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. రైల్వే సిగ్నళ్ళ శాఖలో చేసి రిటైరైన మనిషి. పుట్టింది శ్రీకాకుళం దగ్గర పల్లెలో. ఒడిశా కొండల్లో కొరాపుట్ నుంచి రాయగడ దాకా సొరంగాల్లోంచి వచ్చే ఆ లైన్లో ఆయన కాపురం పెట్టని స్టేషన్ లేదంటారు. రిటైరయ్యాక సొంతూరు వెళ్ళకుండా ఇక్కడే స్టేషన్ వెనక రెండు గదుల ఇంట్లో భార్యతో ఉండిపోయారు.

పెన్షన్ కాగితాల పని మీద ఒకరోజు స్టేషన్ రోడ్డులోని నా ఆన్‌లైన్ సెంటర్‌కి వచ్చారు. జెరాక్సులు, పరీక్ష ఫీజులు, రైలు టికెట్లు, వేలిముద్రలు, అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే లాక్కొస్తున్న రోజులవి. ఆవేళ అది ఒక్క కాగితం ప్రింటు తీయడానికి ఆపసోపాలు పడుతోంది. ఆయన తన పని సంగతి మర్చిపోయి, తెర వంకే చూస్తూ, జ్వరం వచ్చిన పిల్ల గురించి అడిగినట్టు మెల్లగా అడిగారు.

"సీలో ఎంతుంది అమ్మి?"

ఏమోనండీ, చూడలేదన్నాను. ఆయన ముఖంలో నా మీద జాలి కనిపించింది. ఇంత కొట్టు పెట్టుకుని ఆ మాత్రం తెలియదా అని పైకి అనలేదు. భుజం మీది తువ్వాలు తీసి నా కుర్చీ దులిపారు. నేనింకా కుర్చీలోంచి లేవనే లేదు. లేచాను. ఆయన కూర్చున్నారు. ఆ కుర్చీ మళ్ళీ నా చేతికి వచ్చేసరికి బయట జనం సణిగి సణిగి సగం మంది వెళ్ళిపోయారు.

ఆయన పరికరమల్లా ఒక చిన్న పెన్‌డ్రైవ్. ఇంటి తాళాల గుత్తికి కట్టి, ఆ గుత్తిని మొలతాడుకి కట్టుకునేవారు. దాన్ని కంప్యూటర్‌కి పెట్టాలంటే ముందు గుత్తి విప్పాలి, గుత్తి విప్పాలంటే చొక్కా ఎత్తాలి. ఈలోగా ఆడవాళ్ళం అటు తిరిగి కేలండర్ చూసేవాళ్ళం. పెన్‌డ్రైవ్‌లోంచి ఒక చిన్న ప్రోగ్రామ్ తెరిచేవారు. అందులో కంప్యూటర్ కడుపులో దాగిన డ్రైవర్లన్నీ వరసగా కనిపించేవి.

డ్రైవర్లంటే ఏమిటో నాకు వివరంగా తెలిసింది ఆయన దగ్గరే. కొత్తగా ప్రింటరో స్కానరో తగిలిస్తే, దాన్ని నడిపించడానికి కావలసిన సరంజామా ఒకటి కంప్యూటర్‌లో చేరుతుంది. అదే డ్రైవర్. ఆ ప్రింటర్ పాడై మూలపడినా, ఎవరికో ఇచ్చేసినా, డ్రైవర్ మాత్రం లోపలే ఉండిపోతుంది. అదే వస్తువుకి కొత్త డ్రైవర్ వస్తే పాతది బయటికి పోదు, పక్కకి జరిగి కూర్చుంటుంది. ఇలా ఏళ్ళ తరబడి చేరి చేరి సీ డ్రైవ్‌లో చోటంతా తినేస్తాయి. ఇదంతా మాస్టారు రైల్వే భాషలో చెప్పేవారు. "మనిషి బదిలీ అయి ఎల్లిపోయేడు. క్వార్టర్ మాత్రం ఆడి పేరు మీదే ఉన్నాది. కొత్తగా వొచ్చినోడు వరండాలో పడుకున్నాడు. ఇదేటి నాయం?"

ఆ వరసలో పెద్దవాటికి ఆయన పెట్టిన పేరు దున్నపోతులు. తెర మీద బొమ్మల్ని నడిపించే డ్రైవర్ల పాత రకాలు అవి. ఒక్కొక్కటీ బోలెడు చోటు ఆక్రమించి పడుకుని ఉంటాయి. నాలుగు దున్నపోతుల్ని తోలేస్తే చాలు, కంప్యూటర్ తేలికపడుతుంది. మిగిలినవి దోమలు. ఎప్పుడో పెట్టిన మౌసువీ, ఎవరో తెచ్చిన కార్డు రీడరువీ. అన్నీ కలిపినా పెళ్ళి ఫోటోలు నాలుగు పట్టేంత చోటు కూడా మిగలదు. వాటిని వదిలేయండి మాస్టారూ, టీ చల్లారిపోతోంది అని నేను మొత్తుకునేదాన్ని. కుట్టేది దోమే అమ్మి అనేవారు. ఒక్కొక్క దోమనీ పేరు పెట్టి పిలిచి, ఇది ఇప్పుడు తగిలించి ఉందా లేదా అని చూసి, లేదంటే టిక్కు పెట్టి పంపించేవారు. పాతది ఒకటి ఎక్కడైనా దాచి ఉంచుకుందామంటే ఆయనకి మహా చిరాకు. దాచుకోవడం పిరికివాళ్ళ పనిట. పని అయిపోయాక గీత నీలంగా మారుతుంది. అప్పుడు రెండు చేతులూ పైకెత్తి "లైన్ క్లియర్" అనేవారు. ఆ మాటకి వీధిలో పోయేవాళ్ళు కూడా ఒకసారి లోపలికి తొంగి చూసేవారు.

దీనికంతటికీ ఆయన పుచ్చుకునేది టీ, అందులో ముంచుకోవడానికి రెండు బిస్కట్లు. రెండో బిస్కట్టు ఎప్పుడూ గ్లాసులో విరిగిపడేది. ఎంత తెలివైన మనిషికీ బిస్కట్టు ఎంతసేపు ముంచాలో తెలియదని నేను ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

ఖాళీ మీద ఆయనకున్న మోజు కంప్యూటర్లతో ఆగలేదు. భార్య ఖాళీ అయిన ఊరగాయ జాడీలు పక్కింట్లో దాచుకునేది. ఇంట్లో ఉంటే, లోపల ఏమీ లేదు కదా అని ఆయన ఎవరికో ఇచ్చేస్తారు. ఆవిడ ఒకసారి నా దగ్గర కూర్చుని ఈ గోడు అంతా వెళ్ళబోసుకుని, చివర్లో తానే ఆయన్ని వెనకేసుకొచ్చింది. ఏడాదికో స్టేషన్‌కి తరిమితే ఆయన మాత్రం ఏం చేస్తారు తల్లీ, మోసుకుపోలేనివి వదలడం అలవాటైపోయింది అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

కొద్ది నెలల్లోనే వీధి మొత్తానికి ఆయన అలవాటైపోయారు. సిమ్ కార్డుల కొట్టు, మందుల షాపు, పుస్తకాల షాపు, అన్నిచోట్లా ఆయనకో స్టూలు సిద్ధంగా ఉండేది. మందుల షాపు ఒడియా అబ్బాయి ఆయన్ని దూరం నుంచి చూడగానే "మాస్టరొ ఆసిలే, సొబు ఖాలి" అని పాట అందుకునేవాడు. మాస్టారొచ్చారు, అంతా ఖాళీ అని. ఆయన కోప్పడేవారు కాదు సరికదా, ఆ పాట విని నడక వేగం పెంచేవారు.

వీధిలో ఆయన్ని గడప తొక్కనివ్వనిది ఒక్క సావుకారు గారే.

మా కొట్టుకి ఎదురుగా ఉండే ఆ సావుకారు గారిది పార్వతీపురం వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. సైకిళ్ళకీ పంపుసెట్లకీ విడిభాగాలు హోల్‌సేల్‌గా అమ్ముతారు. ఆ కొట్లో పైకప్పు దాకా డబ్బాలు. ఏ కంపెనీ ఎప్పుడో మూతబడినా దాని వాషరు ఆయన దగ్గర దొరుకుతుంది. కాశీపూర్ కొండల్లోంచి ఎవరో ఒకరు తుప్పుపట్టిన ముక్క ఒకటి గుడ్డలో చుట్టుకుని బస్సు దిగుతారు, ఇలాంటిది ఉందా అని అడుగుతారు. ఆ మనిషికి లేదని చెప్పి పంపడం సావుకారు గారికి తలవంపులు. అందుకని ఆయన దేన్నీ పారెయ్యరు. కంప్యూటర్ విషయంలోనూ అదే పద్ధతి. దాన్ని పొద్దున్న నొక్కి పూజ మొదలుపెడితే, పూజ పూర్తయ్యే వేళకి తెర వెలుగుతుంది.

మాస్టారు ఒకసారి వెళ్ళి, ఖాళీ చేసి పెడతానన్నారు. సావుకారు గారు గద్దె మీంచి కదలకుండానే, నా కొట్లోంచి ఏదైనా బయటికి పోవాలంటే అడిగినవాడి చేతికే పోవాలి, ఊరికే పోవడానికి వీల్లేదన్నారట. అంతే, అక్కడ చెడింది. అప్పట్నుంచి మాస్టారు ఆ కొట్టు ముందు నుంచి నడవడం మానేసి, మురిక్కాలవ దాటి మరీ మావైపు నుంచి వచ్చేవారు. వచ్చి, ఆ గోడౌన్ ఇంకా ఊపిరి పీలుస్తోందా అని నన్ను అడిగేవారు. అటు నేను వాషరో నట్టో కొనడానికి వెళ్తే సావుకారు గారు, మీ ఖాళీల బాబు ఈవేళ ఎవర్ని ముంచేడమ్మి అని అడిగేవారు. ఇద్దరికీ మధ్య తపాలా బంట్రోతు ఉద్యోగం నాది. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు నేను కాస్త ఉప్పూ కారం కూడా కలిపేదాన్నని ఇద్దరికీ తెలుసు.

మా వీధిలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరి యంత్రం వాళ్ళ దగ్గరే ఉండదు. నా స్కానర్ మందుల షాపులో ఉంటుంది, వాళ్ళ ప్రింటర్ పుస్తకాల షాపులో. ఎవరికి అవసరమైతే వాళ్ళు చంకలో పెట్టుకుని పోతారు. సావుకారు గారి మేనల్లుడు ఒకప్పుడు ఆయన కొట్టు మూలన, ఆయన కంప్యూటర్ మీదే సిమ్ కార్డులు అమ్మేవాడు. వాడు జయపురంలో రైస్ మిల్లు చూసుకోవడానికి వెళ్ళిపోతూ వేలిముద్రల యంత్రం ఒకటి వదిలివెళ్ళాడు. పాతకాలపు బండ యంత్రం. మిగతావాళ్ళ దగ్గర కొత్తవి ఉన్నాయి. కానీ పనిచేసి చేసి వేళ్ళు అరిగిపోయిన వాళ్ళ ముద్ర కొత్తవాటికి అందదు, ఈ బండదానికి మాత్రం అందుతుంది. అందుకని అలాంటివాళ్ళు వచ్చినప్పుడల్లా అది కొట్టుకొట్టుకీ తిరుగుతుండేది. మిగతా రోజుల్లో ఎవరి సొరుగులోనో నిద్రపోయేది.

పోయినేడు దీపావళికి ముందు వీధంతా సున్నాలు వేసుకుంటూ ఉంటే మాస్టారికి ఊపు వచ్చింది. కొట్లతోపాటు కంప్యూటర్లూ దులపాలన్నారు. ఒక్క వారంలో సావుకారు గారిది తప్ప వీధిలో ఉన్నవన్నీ దులిపేశారు. నాది నేను భోజనానికి వెళ్ళినప్పుడు చేశారు. వచ్చేసరికి గీత నీలంగా ఉంది, ఆయన గ్లాసులో విరిగిపడిన బిస్కట్టుని చెంచాతో వెతుక్కుంటున్నారు. దున్నపోతులు ఎటూ లేవు, దోమ అన్నది కూడా మిగల్లేదు అమ్మి అని చెప్పారు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

నవంబరు ఆఖరి రోజున సింహాద్రమ్మ వచ్చింది. రైల్వే గేటు అవతల ఉండే ముసలామె. మొగుడు గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు, ఆ పెన్షన్ మీదే బతుకుతోంది. ఏటా నవంబరులో వేలిముద్ర వేసి తాను బతికి ఉన్నానని చెప్పుకోవాలి. చెప్పకపోతే పెన్షన్ ఆగిపోతుంది, మళ్ళీ మొదలవ్వాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. తిరిగే కాళ్ళు కావు ఆమెవి. బ్యాంకులో ముద్ర పడలేదట, ఇంకో సెంటర్లోనూ పడలేదట. నాకు కంగారేమీ కలగలేదు. ఆమె వేలు కొత్త యంత్రానికి అందదని ఏటా తెలిసిందే. సిమ్ కార్డుల కొట్టు సొరుగులోంచి బండ యంత్రం తెప్పించి తగిలించాను.

అందులో దీపం వెలగలేదు. ఇదేదో గుర్తుతెలియని వస్తువు అని కంప్యూటర్ చెప్పింది. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను. అప్పుడు నాకు అర్థమైంది. మాస్టారు దులిపిన రోజున ఇది సొరుగులో ఉంది. తగిలించి లేనిది కాబట్టి దీని డ్రైవర్‌కీ దోమల్తో పాటే టిక్కు పడింది.

ఫోన్ చేస్తే మాస్టారు గొడుగు ఊపుకుంటూ హుషారుగా వచ్చారు, మళ్ళీ సీ నిండిందేమో అనుకుని. సంగతి విన్నాక గొడుగు మూలన పెట్టి కూర్చున్నారు. కుర్చీ దులపలేదు. ఇంటర్నెట్‌లో వెతికారు. ఆ కంపెనీవాళ్ళు పాత యంత్రం డ్రైవర్ ఇవ్వడం మానేశారు, కొత్తదే దొరుకుతోంది, అది దీన్ని గుర్తుపట్టడం లేదు. చాలాసేపు ఏవేవో నొక్కారు. ముసలామె బెంచీ మీద కుడిచేతి బొటనవేలిని చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. తప్పు తన వేలిదే అనుకుంటోందని ఆయనకి ఎలా తెలిసిందో, కుర్చీ తిప్పి ఆమెకు ఎదురుగా కూర్చున్నారు.

"తప్పు నాదేనమ్మా. మిషనుదీ కాదు, నీ యేలుదీ కాదు."

ఆ తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పుడూ నవ్వొస్తుంది. యంత్రాన్ని తువ్వాల్లో చుట్టుకుని, తీగ వెనక వేలాడుతూ ఉండగా వీధిన పడ్డారు. వెనక ముసలామె, ఆమె వెనక కొట్టు వదిలేసి నేను. సిమ్ కార్డుల కొట్టులో తగిలించారు, వెలగలేదు. పుస్తకాల షాపులో తగిలించారు, వెలగలేదు. అన్నీ ఆయన ఊడ్చినవే. మందుల షాపు అబ్బాయి పాట అందుకోబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. అక్కడా వెలగలేదు.

ఇక మిగిలింది ఒక్క కంప్యూటరే. రోడ్డు దాటితే చాలు. మాస్టారు మురిక్కాలవ పక్కన నిలబడిపోయారు. ఈ ముక్క ఆయనకి మొదటే తోచి ఉంటుందని, తోచీ వీధంతా తిరిగారని నాకు అనిపించింది. ఎదురుగా సావుకారు గారు గద్దె మీద కూర్చుని అంతా చూస్తున్నారు. నేను వెళ్ళి అడుగుతాను, మీరు ఇక్కడే ఉండండి అన్నాను. ఆయన కదల్లేదు. సింహాద్రమ్మ ముందుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నాను నీ ఎదుటే ఉన్నాను గదా బాబూ. మిషను సెప్పకపోతే నాను లేనట్టేనేటి?"

ఆయన రోడ్డు దాటారు.

ఖాళీ చెయ్యడానికి వచ్చారా అని సావుకారు గారు నవ్వుతూనే అడిగారు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. మాస్టారు తువ్వాలు విప్పి యంత్రాన్ని గద్దె మీద పెట్టారు. దీని డ్రైవర్ తాను అన్నిచోట్లా తీసేశానని, ఇక్కడ ఉందేమోనని అడగడానికి వచ్చానని చెప్పారు. అచ్చం కాశీపూర్ నుంచి వాషరు కోసం వచ్చినవాళ్ళు అడిగినట్టే అడిగారు. సావుకారు గారి నవ్వు ఆగిపోయింది. ఆ కొట్లో అలా అడిగినవాణ్ణి ఎగతాళి చేసే ఆనవాయితీ లేదు. కూర్చోండి అని, తన పక్కనున్న ముక్కాలిపీట లాగారు.

ఆ కంప్యూటర్ తెరుచుకునేసరికి మాకు టీలు వచ్చాయి, గ్లాసులు వెనక్కి వెళ్ళాయి. మాస్టారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. లేకపోతే అవి మౌస్ మీదికి పోతాయని ఆయనకి భయం. తెర మీద బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మూలన సీ డ్రైవ్ గీత చివరిదాకా ఎర్రగా ఉంది. అటు చూడకండి అని సావుకారు గారు కంప్యూటర్‌కి అడ్డంగా వంగారు. చూడటం లేదన్నారు మాస్టారు, చూస్తూనే.

యంత్రం తగిలించగానే లోపల ఎర్రదీపం వెలిగింది. మాస్టారు పీట మీంచి లేచి నిలబడ్డారు. ముసలామె వేలు ఒకసారి పెట్టింది, పడలేదు. మళ్ళీ పెట్టింది, పడలేదు. వేలు నెత్తికి రాసుకోమన్నారు మాస్టారు. ఆ నూనె అంటితే ముద్ర బాగా పడుతుంది. రాసుకుంది. అప్పుడు మాస్టారు ఆమె బొటనవేలు తన రెండు వేళ్ళతో పట్టుకుని, అద్దం మీద మెల్లగా ఆనించి, ఊపిరి బిగబట్టారు. మేమందరం కూడా బిగబట్టాం. తెర మీద పచ్చరంగు వచ్చింది. సింహాద్రమ్మ బతికే ఉందని ప్రభుత్వం ఒప్పుకుంది.

మాస్టారు చేతులెత్తలేదు, లైన్ క్లియర్ అనలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, సావుకారు గారికి నమస్కారం పెట్టారు. వీధిలో ఎవరికీ ఆయన అలా నమస్కారం పెట్టడం నేను చూడలేదు.

ఆ తర్వాత ఆయన మారిపోయారని చెప్తే అబద్ధమవుతుంది. సీలో ఎంతుంది అని అడగడం మానలేదు. కానీ దోమల దగ్గరికి వచ్చేసరికి ఆగేవారు. ఇది ఎవరిది, ఎక్కడుంది, మళ్ళీ వస్తుందా అని ఒక్కొక్క దానికీ అడిగేవారు. నాకు తెలియదంటే లేచి వీధిలోకి పోయి కొట్టుకొట్టుకీ వాకబు చేసి వచ్చేవారు. గంటలో అయ్యే పని పూటంతా పట్టేది. వెనకటి మాస్టారే నయం, గబగబా ముంచి పోయేవారు అని నేను ఏడిపించేదాన్ని.

సాయంత్రాలు మాత్రం సావుకారు గారి పీట మీదే. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవారు. ఒక్క దున్నపోతునైనా తోలనివ్వమని మాస్టారు రోజూ అడిగేవారట. సావుకారు గారు రోజూ వద్దనేవారట. అదొక వేడుక వాళ్ళకి. వేసవిలో ఒక తెల్లవారుజామున మాస్టారు నిద్రలోనే పోయారు. ఆ రోజు సావుకారు గారి కొట్టు తెరవలేదు. అడిగినవాడికి లేదు అనని ఆ కొట్టు తలుపులు మూసి ఉండటం నేను అప్పుడే చూశాను. ఆయన లేని లోటు నాకు ఆ మూసిన తలుపుల దగ్గర ఒక్కసారిగా తెలిసింది, రోడ్డు మీదే ఏడ్చాను.

ఈ నవంబరులో సింహాద్రమ్మ మళ్ళీ వచ్చింది. ఇంకా వంగిపోయింది. ఈసారి నేను మా కొట్లో కూర్చోబెట్టలేదు, తిన్నగా ఎదురుకొట్టుకే తీసుకెళ్ళాను. బండ యంత్రం అప్పటినుంచీ అక్కడే ఉంటోంది. కానీ కంప్యూటర్ తెరుచుకున్నా వేలిముద్ర వేసే పేజీ తెరుచుకోలేదు. ఒక్క రవ్వ కూడా చోటు లేదని చెప్పి ఆగిపోయింది. ఆపి మళ్ళీ వేశాం. మళ్ళీ అదే మాట. ముసలామె పీట మీద కూర్చుని కొంగుతో వేలు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

సావుకారు గారు కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగారు. తర్వాత నన్ను అడిగారు.

"మాస్టారైతే ఏటి తీసేవారమ్మి?"

"అన్నీ."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, అద్దాల్నీ కళ్ళనీ. సరే, తియ్యి అన్నారు. నేను కూర్చుని ఆ వరస తెరిచాను. పాత దున్నపోతులు కనిపించాయి, ఆయన మేనల్లుడి కాలం నాటివి. ఒక్కొక్కటీ చూపించి అడిగాను. ఆయన తల ఊపారు. నాలుగు తోలేసరికి గీతలో తెల్లటి చోటు కనబడింది. దోమల జోలికి నేను పోలేదు, ఆయన పొమ్మనలేదు. పేజీ తెరుచుకుంది. యంత్రంలో దీపం వెలిగింది.

ముసలామె వేలు పెట్టింది. పడలేదు. నెత్తికి రాసుకుని మళ్ళీ పెట్టింది. వేలు అద్దం మీద నిలవడం లేదు. నేను కుర్చీలోంచి లేచేలోపే సావుకారు గారు గద్దె దిగారు. గిరాకీ వేళ ఆయన గద్దె దిగడం ఎవరూ చూసి ఉండరు. మోకాళ్ళు పట్టుకుంటూ ముసలామె పక్కన కూలబడి, ఆమె బొటనవేలు తన రెండు వేళ్ళతో పట్టుకుని అద్దం మీద ఆనించారు. పచ్చరంగు వచ్చేదాకా వదల్లేదు.

ముసలామె ఆయన ముఖం చూసి, చుట్టూ చూసింది. మాస్టారు పోయిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదని నాకు అప్పుడే తట్టింది.

"ఆ బాబు రాలేదేటి?"

నేను నోరు తెరవబోయాను. సావుకారు గారు నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఊరెల్లేరమ్మా. నీ పని నన్ను సూడమని సెప్పి ఎల్లేరు."

సింహాద్రమ్మ తృప్తిగా తల ఊపింది. ఆయన చెయ్యి ఊతం పట్టుకుని లేచి, గడప దగ్గర ఆగింది.

"వొచ్చేక సెప్పు బాబూ, సింహాద్రమ్మ ఉన్నాదని."

సావుకారు గారు సరేనన్నారు.